మూడు లీటర్ల నైట్రోజన్ క్యాన్: ఏళ్ల తరబడి వాడాక

ఊళ్లలో పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్రకు బండి తర్వాత అంత అవసరమైన సామాను, గడ్డకట్టించిన వీర్యం దాచే ఈ క్యానే. దేవరకొండ చుట్టుపక్కల ఊళ్లలో బర్రెలకు చూలు సూదులు వేస్తూ తిరిగే నేను ఇదే సైజు క్యాన్లు ఏళ్లుగా మోస్తున్నాను. కొత్తగా కొనేవాళ్లంతా ముందు అడిగేది ఒకటే, "ఎన్ని రోజులు ఆగుతది?" అని. అడగాల్సింది వాక్యూమ్ గురించి.

ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది. అంటే క్యాన్‌లో ఉన్నంతసేపూ మెల్లగా మరుగుతూనే ఉంటుంది. మే నెలలో మా దగ్గర ఎండ 45కి పోతే గోడకు అటూ ఇటూ తేడా 240 డిగ్రీలు. అంత వేడిని ఆపేది రెండు గోడల మధ్య గాలి తీసేసిన ఖాళీ, అదే వాక్యూమ్. 1892లో జేమ్స్ డ్యూయర్ కనిపెట్టిన ఫ్లాస్కు పద్ధతే ఇది. మోసుకొచ్చే గాలి లేదు, కిరణాలుగా వచ్చే వేడిని మధ్యలో చుట్టిన మెరిసే రేకు పొరలు తిప్పికొడతాయి. ఇక మిగిలిన దారి మెడ ఒక్కటే. అందుకే దాన్ని సన్నగా, ఫైబర్‌తో చేస్తారు.

కంపెనీ కాగితం మీద రాసిన రోజులు కదపకుండా, తెరవకుండా నీడలో ఉంచిన క్యాన్‌కు. మనది గుంతల రోడ్డు మీద ఊగే క్యాన్, మాటిమాటికీ మూత తీసే క్యాన్. వేసవిలో అందులో సగమే నమ్మండి.

నా పాత క్యాన్ వాక్యూమ్ పోయింది. మొదట మెడ చుట్టూ చెమట పట్టింది. "వానాకాలం గదా, తేమ" అని తేల్చేశాడు అమ్మిన డీలరు. తర్వాత అక్కడే మంచు కట్టింది, ఒక రాత్రిలో నైట్రోజన్ మొత్తం ఖాళీ. స్ట్రాలు, అంటే వీర్యం నింపిన సన్నటి గొట్టాలు, మైనస్ 130 దాటి వేడెక్కితే లోపలి మంచు స్ఫటికాలు పెరిగి వీర్యకణాలను చీలుస్తాయి. మళ్లీ ముంచినా లాభం లేదు. చిక్కేమిటంటే స్ట్రా చూడటానికి ఎప్పటిలాగే ఉంటుంది. మూడు వారాలకు బర్రె మళ్లీ ఎదకొచ్చినప్పుడు రైతు నన్నే అంటాడు, క్యాన్‌ను అనడు. ఇప్పుడున్న క్యాన్ మెడ ఎంత ముసురులోనైనా పొడిగానే ఉంటోంది, దానికి పూర్తి మార్కులు.

క్యాన్ తెరిచి తెల్లటి పొగ వచ్చిందంటే చాలు, ఇంటర్ పిల్లలు చుట్టూ చేరతారు. "అన్నా, ఇంతకంటే సల్లగ ఉంటదా?" ఉంటుంది, మైనస్ 273.15 వరకు. దాన్నే పరమ శూన్యం అంటారు. అక్కడి నుంచి లెక్కిస్తే ఈ క్యాన్ 77 కెల్విన్. డిగ్రీల్లో చూస్తే మా మే ఎండ నుంచి పరమ శూన్యానికి పోయే దారిలో నాలుగింట మూడు వంతులు ఇది దాటేసినట్టే. మిగిలిన వంతులోనే ఉంది అసలు కష్టం. 1908లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్స్ అనే శాస్త్రవేత్త హీలియాన్ని ద్రవం చేసి 4 కెల్విన్ దగ్గరికి చేరాడు. 2021లో జర్మనీలో పరమాణువుల మబ్బును ఒక కెల్విన్‌లో లక్ష కోట్ల వంతుల్లో 38 వంతులకు దించారు. అయినా సున్నాకు చేరలేదు, చేరలేరు కూడా. దగ్గరయ్యే కొద్దీ ఒక్కో మెట్టులో తీయగలిగే వేడి తగ్గిపోతుంది, మెట్లు మాత్రం అయిపోవు. పోనీ అక్కడ కదలికంతా ఆగిపోతుందా అంటే, అదీ లేదు. మామూలు ఒత్తిడిలో హీలియం అంత చల్లదనంలోనూ గడ్డకట్టదు. నాకైతే ఇదే అన్నిటికంటే వింత.

వాడకం సంగతులు. మట్టం చూడటానికి కట్టె స్కేలు ముంచి, బయటికి తీసి గాలిలో ఊపండి, మంచు గీత తేలుతుంది. బోలు గొట్టం ముంచితే ద్రవం మొహం మీదికి చిమ్ముతుంది. లీటరు ద్రవం దాదాపు 700 లీటర్ల గ్యాస్ అవుతుంది కాబట్టి మూత బిగించొద్దు, అద్దాలు మూసిన కారులో పెట్టొద్దు. ఆ గ్యాస్‌కు వాసన లేదు, ఊపిరాడకపోయినా తెలియదు. ఈ క్యాన్‌తో వచ్చిన థర్మాకోల్ బిరడా మాత్రం నాసిరకం. అంచులు రాలి నైట్రోజన్ తొందరగా తగ్గుతుంది, ముందే ఇంకోటి తీసిపెట్టుకోండి.

కొనేటప్పుడు నింపించి, పాలకేంద్రం కాంటా మీద తూకం వేయించండి. లీటరు 800 గ్రాముల పైచిలుకు తూగుతుంది. మొదటి రోజు లెక్కలోకి తీసుకోవద్దు, గోడలు చల్లబడటానికే కొంత పోతుంది. ఆ తర్వాత రోజుకు 150 గ్రాముల దగ్గర తగ్గితే ఉంచుకోండి. అరకిలో తగ్గితే డీలరు ఏం చెప్పినా వినకుండా తిరిగిచ్చేయండి.