సెంట్ ఓఎస్ 7 నుంచి ఆల్మాలినక్స్ 8కి: ఎలివేట్ పనితనంపై కడప నుంచి ఒక సమీక్ష

కడప ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక మందుల టోకు వ్యాపార సంస్థలో కంప్యూటర్ల బాధ్యత చాలా ఏళ్లుగా నాదే. ప్రొద్దుటూరు, బద్వేలు, మైదుకూరు దుకాణాల ఆర్డర్లు, బిల్లులు, గడువు దగ్గరపడిన మందుల లెక్కలు అన్నీ 2016లో కొన్న ఒకే సర్వరు మీద, సెంట్ ఓఎస్ 7 అనే ఉచిత లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడిచేవి. 2014లో విడుదలైన ఆ వెర్షన్‌కు 2024 జూన్ 30తో భద్రతా సవరణలు ఆగిపోయాయి. సెంట్ ఓఎస్ 8 అంతకుముందే, 2021 డిసెంబరు 31న ముగిసిపోయింది కనుక అదే పేరుతో పై మెట్టు ఎక్కే దారి కూడా లేదు. అందువల్ల అదే కుటుంబానికి చెందిన మరో ఉచిత లినక్స్ అయిన ఆల్మాలినక్స్‌కు మారాలనుకుని, దాని రూపకర్తలు 2021లో ఉచితంగా అందుబాటులోకి తెచ్చిన, ఉన్న యంత్రం మీదే కొత్త వెర్షన్‌కు మార్చే సాధనం ఎలివేట్‌ను ఎంచుకున్నాను. రెడ్ హ్యాట్ రూపొందించిన లీప్ అనే సాధనమే దీనికి పునాది. ఒకసారికి ఒక పెద్ద వెర్షన్ మాత్రమే దాటిస్తుంది. 7 నుంచి నేరుగా 9కి వెళ్లడం కుదరదు.

ఈ సాధనంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది అప్‌గ్రేడ్ కాదు, దానికి ముందు ఇచ్చే తనిఖీ నివేదిక. వ్యవస్థను మార్చకుండా, ఏయే చోట్ల ఇబ్బంది వస్తుందో ఇది వరుసగా రాసి పెడుతుంది. అప్‌గ్రేడ్‌ను పూర్తిగా ఆపేసే వాటిని ఇన్హిబిటర్లుగా విడిగా చూపిస్తుంది. మా సర్వరులో రెండు నెట్‌వర్క్ కార్డులకు ఈత్0, ఈత్1 అనే పాత పేర్లే ఉండటం, రూట్ (సర్వాధికారాలున్న ఖాతా) లాగిన్ గురించి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి లాగిన్ అయ్యే సేవ) అమరికలో స్పష్టంగా రాయకపోవడం, పామ్ (లాగిన్‌ను సరిచూసే వ్యవస్థ) మాడ్యూల్ ఒకటి తొలగించడానికి అనుమతి అడగడం, ఈ మూడూ అలా బయటపడ్డాయి. ఒక జాగ్రత్త చెప్పాలి. నేను ముందుగా సర్వరు నకలును వర్చువల్ మెషీన్‌లో (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌లో) పెట్టి ప్రయత్నించాను. అది మంచి పద్ధతే అయినా, కొత్త కెర్నెల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలో) తీసివేసిన డ్రైవర్ల మీద మన డిస్కు కంట్రోలర్ ఆధారపడి ఉందో లేదో నకలులో తెలియదు. కాబట్టి తనిఖీని అసలు యంత్రం మీద కూడా తప్పక నడపాలి. మా కంట్రోలర్‌కు ఆ ఇబ్బంది రాలేదు.

తనిఖీ కన్నా ముందే ఎదురయ్యే చిక్కు మరొకటి ఉంది. గడువు తీరిన తరువాత సెంట్ ఓఎస్ 7 ప్యాకేజీలు (సాఫ్ట్‌వేర్ మూటలు) పాత చిరునామాల్లో దొరకవు. ప్యాకేజీలు దింపుకునే చోట్లయిన రిపోజిటరీలను వాల్ట్ అనే భాండాగారం వైపు మళ్లించి, ఉన్న వెర్షన్‌ను చివరి సవరణల దాకా తెచ్చుకున్నాకే ఎలివేట్ మొదలవుతుంది.

అసలు పని ఆదివారం రాత్రి పెట్టుకున్నాను. సర్వరు రీస్టార్ట్ అయ్యాక ప్యాకేజీల మార్పిడి జరిగేటప్పుడు దూరం నుంచి లాగిన్ కావడానికి వీలుండదు, అందువల్ల మానిటరు తగిలించుకుని యంత్రం పక్కనే కూర్చున్నాను. మధ్యలో కరెంటు పోతే ఏ స్థితిలో మిగులుతుందో చెప్పలేం. యూపీఎస్ బ్యాటరీలు ముందే మార్పించడం వృథా ఖర్చు కాదని ఆ రాత్రి రూఢిగా తెలిసింది. గంటంబావులో 3.10 కెర్నెల్ పోయి 4.18 వచ్చింది. ఇంత పెద్ద మార్పును ఇంత నిలకడగా చేసిన సాధనాన్ని మెచ్చుకోకుండా ఉండలేను. అయితే ముగిశాక ఎస్‌ఈలినక్స్ అనే భద్రతా వ్యవస్థ కేవలం హెచ్చరించే స్థితిలో మిగిలి ఉంటుంది, దాన్ని మనమే తిరిగి కట్టుదిట్టం చేయాలి. కొత్త వెర్షన్‌లో జోడీ లేని పాత ప్యాకేజీలు కొన్ని అలాగే ఉండిపోతాయి, వాటిని వెతికి తీసేయాలి.

సోమవారం పొద్దున్నే అసలు కష్టం మొదలైంది. వెబ్ ప్రోగ్రాంలు రాసే భాష పీహెచ్‌పీ, సెంట్ ఓఎస్ 7లో 5.4గా ఉన్నది, 8లో 7.2 అవుతుంది. మా బిల్లింగ్ ప్రోగ్రాం డేటాబేస్‌తో మాట్లాడటానికి వాడే పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను పీహెచ్‌పీ 7.0లోనే పూర్తిగా తొలగించారు. డేటాబేస్ చెక్కుచెదరలేదు, ముందురోజే పూర్తి డంప్ (డేటా నకలు) తీసి, డేటాబేస్ సాఫ్ట్‌వేర్ మారియాడీబీ 5.5 నుంచి 10.3లోకి ఎక్కించి సరిచూశాను. కానీ బిల్లు పేజీ తెరుచుకోలేదు. రాసిచ్చిన సంస్థకు ఫోన్ చేస్తే ఆ ప్రోగ్రాంను తాము ఇప్పుడు చూడటం లేదన్నారు. మార్చాల్సిన చోట్లన్నీ నేనే వెతికి దిద్దుకునేసరికి రెండు రోజులు పట్టింది. అంతదాకా గుమాస్తాలు చేతితో బిల్లులు రాశారు. ఈ లోపాన్ని ఎలివేట్ మీద వేయడం న్యాయం కాదు. మనం రాసుకున్న ప్రోగ్రాంల లోపలికి అది చూడదు. నకలులో సర్వరు లేచిందా అని చూసి ఆగిపోయాను, బిల్లు కొట్టి చూడలేదు.

ఇంకొకటి మరింత ప్రమాదకరమైనది. 8లో పైథాన్ భాషలోని స్క్రిప్టులను నడిపే, వెర్షన్ సంఖ్య లేని ‘పైథాన్’ అనే ఒట్టి ఆజ్ఞ ఉండదని నివేదిక స్పష్టంగా చెప్పింది. అది ఇన్హిబిటర్ కాదు కదా అని దాటేశాను. మా రాత్రి బ్యాకప్ స్క్రిప్టు ఆ ఆజ్ఞతోనే మొదలయ్యేది. మూడు రాత్రులు బ్యాకప్ లేకుండా, ఏ హెచ్చరికా రాకుండా గడిచిపోయాయి. అందుకే నివేదికలో ఆపే అంశాలతో పాటు హెచ్చరికలన్నిటినీ అక్షరం వదలకుండా చదవాలి.

ఫైళ్ల సర్వరు, డీఎన్‌ఎస్ (పేర్లను నెట్‌వర్క్ చిరునామాలుగా మార్చే సేవ), ప్రింట్ సర్వరు వంటి పనులకు, సొంత ప్రోగ్రాంలు తక్కువగా ఉన్న యంత్రాలకు ఎలివేట్‌ను నిస్సంకోచంగా సూచిస్తాను. డేటాబేస్, పాత పీహెచ్‌పీ ప్రోగ్రాంలు కలిసి ఉన్న సర్వరుకు మాత్రం కొత్త యంత్రం మీద కొత్త వెర్షన్ వేసి, డేటాను తరలించి, కొన్ని రోజులు రెండింటినీ పక్కపక్కన నడిపించడమే మేలు. పాతది చేతిలో ఉంటే వెనక్కి రావడం నిమిషాల పని. ఆల్మాలినక్స్ 8కి 2029 దాకా భద్రతా సవరణలు వస్తాయి. ఆలోగా 9ని మరో యంత్రం మీద కొత్తగా వేయడానికి యాజమాన్యాన్ని ఒప్పించాను, బిల్లింగ్ ప్రోగ్రాం పరీక్షలు ఈసారి అక్కడే ముందుగా మొదలవుతాయి.