ద బిగ్ స్లీప్: అన్నీ విడమరిచి చెప్పే 1945 ప్రింటా, చిక్కుముడిలా వదిలేసిన 1946 ప్రింటా?

ఏది ముందు చూడాలనే దాని మీద మా ఇంట్లో నిజంగానే గొడవైంది, అందుకే రాస్తున్నా. హంఫ్రీ బోగార్ట్ డిటెక్టివ్ మార్లోగా, లారెన్ బెకాల్ వివియన్‌గా చేసిన ఈ పాత హాలీవుడ్ సినిమాకి రెండు ప్రింట్లున్నాయి. 1945లో తయారైపోయి కూడా థియేటర్లకి వదలకుండా పక్కన పెట్టింది 116 నిమిషాలు, తర్వాత కొన్ని సీన్లు మళ్లీ తీసి 1946 ఆగస్టులో రిలీజ్ చేసింది 114 నిమిషాలు. రెండే నిమిషాల తేడా కదా అనుకుంటాం గానీ చూస్తే రెండు వేరే సినిమాల్లా ఉంటాయి. మా బావ డిస్క్ పంపేడు, రెండూ అందులోనే ఉన్నాయి.

మాది రాజోలు అవతల. మొన్న ముసురు పట్టి ఎటూ కదల్లేని మూడ్రోజుల్లో నేనూ మా పెద్నాన్నా కూచుని రెండూ చూసేం. మా పెద్నాన్న ముప్ఫై ఏళ్లు కాలవ మీద లస్కరుగా చేసేరు, ఏ తూము ఎత్తితే ఏ బోదెలోకి నీరెళ్తుందో నిద్రలో లేపినా చెప్తారు. అలాంటి మనిషికి కథలో ఒక్క పాయ ఎటు పోయిందో తెలీకపోయినా ఊపిరాడదు. మొదట 1946ది పెట్టేను. పావుగంటకే ఆయన పాత శుభలేఖ ఒకటి తీసి దాని వెనక పెన్సిల్‌తో పేర్లు రాయడం మొదలెట్టేరు. జనరల్ స్టెర్న్‌వుడ్, ఆయన ఇద్దరు కూతుళ్లు వివియన్, కార్మెన్, చిన్నకూతుర్ని అడ్డం పెట్టుకుని డబ్బు గుంజుతున్న పుస్తకాల షాపు గైగర్, పేకాట క్లబ్బు ఎడ్డీ మార్స్, కనబడకుండా పోయిన రీగన్, ఒకళ్ల నుంచి ఒకళ్లకి బాణం గుర్తులు. మధ్యలో సముద్రంలోంచి కారు పైకి లాగుతారు, లోపల స్టెర్న్‌వుడ్ వాళ్ల డ్రైవర్ టేలర్ చచ్చిపోయి ఉంటాడు. కాలవలో పడ్డ బళ్లని పైకి లాగించిన మనిషి కదా, పెద్నాన్న ముందుకి జరిగి కూచున్నారు. డ్రైవర్ పేరు పక్కన ఓ గడి గీసి ఖాళీగా ఉంచేరు, చంపినవాడి పేరు తెలిసేక రాద్దామని. సినిమా అయిపోయింది, గడి ఖాళీగానే ఉంది. "ఏరా, మరి ఆ డ్రైవర్ని ఎవడు చంపేడు?"

ఈ ప్రశ్న సినిమా తీస్తున్నప్పుడే వచ్చింది. డైరెక్టర్ హోవర్డ్ హాక్స్ వాళ్లు నవల రాసిన రేమండ్ చాండ్లర్‌కి టెలిగ్రామ్ కొట్టి అడిగితే తనకీ తెలీదన్నాడట, ఆ సంగతి చాండ్లరే తర్వాత ఓ ఉత్తరంలో రాసుకున్నాడు. 1939లో వచ్చిన ఆ నవల అంతకుముందు పత్రికలో రాసిన పాత కథల్ని కలిపి అల్లింది, అతుకు దగ్గర ఓ దారం అలా ఉండిపోయింది. దానికి తోడు అప్పటి హాలీవుడ్ సెన్సార్ కోడ్. నవల్లో గైగర్ షాపులో అద్దెకి తిరిగేవి బూతుపుస్తకాలు, సినిమాలో ఆ మాట ఎత్తకూడదు, అందుకే ఆ షాపు వెనక ఏం జరుగుతోందో మనమే ఊహించుకోవాలి. స్క్రిప్ట్ రాసింది కూడా సామాన్యులు కాదు, విలియం ఫాక్నర్, లీ బ్రాకెట్, జూల్స్ ఫర్త్‌మన్. ఫాక్నర్‌కి తర్వాత నోబెలే వచ్చింది. అంతటివాళ్లు కూచున్నా ముడి పూర్తిగా విడలేదు.

మర్నాడు 1945ది పెట్టేను. ఇందులో సినిమా మధ్యలో డిస్ట్రిక్ట్ అటార్నీ (ప్రభుత్వ వకీలు) ఆఫీసులో ఓ పొడుగు సీన్ ఉంది, అప్పటిదాకా ఎవర్ని ఎవరు ఎందుకు చంపేరో వరసగా చెప్పుకొస్తారు, డ్రైవర్ సంగతి కూడా అక్కడే తేల్చేస్తారు. పెద్నాన్న రిమోట్ తీసుకుని ఆపేసి గడిలో పేరు రాసి మళ్లీ నొక్కేరు. ఆయన మొహంలో ఆ తృప్తి చూడాలి. "పంటకాలవలో వదిలిన నీరు ఎక్కడో మురుగుకాలవలో తేలాలి కదరా, మధ్యలో మాయమైపోతే ఎలా" అన్నారు. ఆయన మాట నేను కొట్టిపారెయ్యలేను. మేమంతా అద్దె పుస్తకాల షాపులో కొమ్మూరి సాంబశివరావు గారి నవలలు తెచ్చుకుని చదివినవాళ్లం, చివర్న యుగంధర్ అన్నీ విప్పి చెప్పేదాకా నిద్రపోయేవాళ్లం కాదు. పైగా ఓ మనిషి చచ్చిపోతే వాడు డ్రైవరే కదా అని కథ వదిలేసి ముందుకెళ్లిపోతే మనసుకి కష్టంగానే ఉంటుంది, పెద్నాన్న అడుగుతున్నది అసలు అదేనని నాకు తర్వాత తట్టింది.

కానీ నా ఓటు 1946దానికే. ఎందుకంటే ఆ ఆఫీసు సీన్ నడుస్తున్నంతసేపూ సినిమా కూచుండిపోతుంది, మనం వింటాం తప్ప చూడం. దాన్ని తీసేసి పెట్టిన కొత్త వాటిల్లో బోగార్ట్, లారెన్ బెకాల్ బార్‌లో కూచుని గుర్రప్పందాల గురించి మాట్లాడుకునే సీన్ ఉంది, మాటలు గుర్రాల గురించే గానీ ఇద్దరూ ఒకళ్లనొకళ్లు తూకం వేసుకుంటుంటారు. కథకి దాంతో ఏం సంబంధం లేదు, అయినా సినిమా మొత్తంలో నాకు ముందు గుర్తొచ్చేది అదే. అది అలా రావడానికి కారణం కూడా ఉంది, యుద్ధం అయిపోతోందని సినిమా తీసిన వార్నర్ స్టూడియో వాళ్లు ముందు యుద్ధం సినిమాలు రిలీజ్ చేసేసి దీన్ని ఆపేరు, 1945 ప్రింటు పరాయి దేశాల్లో ఉన్న సైనికులకి మాత్రం వేసేరు. ఈలోగా బెకాల్ చేసిన ఇంకో సినిమాకి చెడ్డ పేరొచ్చింది, దాంతో ఆ అమ్మాయికి ఇందులో ఇంకాస్త పొగరున్న సీన్లు పెట్టమని ఆమె ఏజెంటు స్టూడియో అధిపతి జాక్ వార్నర్‌కి రాసేడు. షూటింగ్ మళ్లీ జరిగేటప్పటికి బోగార్ట్‌కీ ఆమెకీ పెళ్లి కూడా అయిపోయింది.

ఇంకోటి, ఈ సినిమా తలకి ఎక్కే సినిమా కాదు, ఒంటికి తగిలే సినిమా. మొదట్లో జనరల్ ఆర్కిడ్ పువ్వుల గాజు ఇంట్లో చక్రాల కుర్చీలో కాళ్ల మీద దుప్పటి కప్పుకుని ఉంటాడు, మార్లో కోటు విప్పేసి చెమటలు తుడుచుకుంటుంటాడు. మే నెలలో కడియం నర్సరీల్లో గ్రీన్ నెట్ కింద పది నిమిషాలు నిలబడినవాడికి అది బ్లాక్ అండ్ వైట్ అయినా ఆ ఉక్కపోత మెడ వెనక తగుల్తుంది. గైగర్ ఇంటి దగ్గర చీకట్లో వాన, మా ఇంటి రేకుల మీదా వానే. అక్కడ ఎవడెవడో లెక్క వెయ్యబుద్ధి కాలేదు నాకు.

అసలు అర్థమయ్యే డిటెక్టివ్ సినిమానే కావాలంటే ఈ రెండూ వద్దు, ఇదే బోగార్ట్ 1941లో చేసిన మాల్టీస్ ఫాల్కన్ చూడండి, అది నీళ్లలా పోతుంది. ఇదే చూస్తానంటే ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ తప్పకుండా పెట్టుకోండి, మాటల స్పీడు అలాంటిది. ఆపి ఆపి మాత్రం చూడకండి, 1946ది ఒక్క ఊపులో చూసెయ్యండి, వారం పోయేక 1945ది వెయ్యండి, అప్పుడు ఆ ఆఫీసు సీన్ కూడా బావుంటుంది. వరస తిరగేస్తే మొదటిసారి దారితప్పే అవకాశం పోతుంది, అది మళ్లీ రాదు. మీ ఇంట్లో మా పెద్నాన్న లాంటివాళ్లుంటే అప్పుడు 1945దే ముందు పెట్టండి, ఆయన రెండు గంటలు అవస్థ పడటం నేను కళ్లారా చూసేను కాబట్టి చెప్తున్నా.

రెండు ప్రింట్లలోనూ ఉన్న సీన్ ఒకటుంది. హ్యారీ జోన్స్ అని ఓ పొట్టి మనిషి, చిన్న చేపలాంటివాడు, ఎవరూ లెక్క చెయ్యరు. కనీనో అనే హంతకుడు జోన్స్‌ని, అతను ప్రేమించిన అమ్మాయి ఎక్కడుందో చెప్పమని నిలదీస్తాడు, పక్కగదిలో చీకట్లో మార్లో వింటుంటాడు, మసకగాజు మీద నీడలు మాత్రం కనబడతాయి. జోన్స్ ఓ అడ్రస్ చెప్తాడు. తాగమని గ్లాసు ఇస్తాడు కనీనో, వీడు తాగుతాడు, చచ్చిపోతాడు. వాడు చెప్పింది తప్పుడు అడ్రస్ అని తర్వాత తెలుస్తుంది. పేరు రాసుకోవాల్సిన మనిషే వాడు, బాణం గుర్తు పెట్టాల్సిందే, అయినా మొదటి రోజూ రెండో రోజూ కూడా సరిగ్గా అక్కడ పెద్నాన్న పెన్సిల్ పక్కన పెట్టేసేరు, వాన మాత్రం కొడుతూనే ఉంది, కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకున్నా ఇద్దరం తల తిప్పలేదు.