చిన్న విమానానికి ఏ ఫైర్ సిలిండర్ మేలు: పౌడరా, హ్యాలాన్ గ్యాసా?

విశాఖలో చిన్న విమానాలు నడిపేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. గాల్లో ఇంజిన్ అంటుకుంటే మాత్రం ఏ సిలిండరూ అక్కరకు రాదు, ఎందుకంటే ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్యలో ఫైర్‌వాల్ అనే అడ్డుగోడ ఉంటుంది. అప్పుడు మిక్స్చర్ (ఇంజిన్‌కి ఇంధనం పాళ్లు చూసే మీట) కట్, ఫ్యూయల్ ఆఫ్, మాస్టర్ (మెయిన్ కరెంటు స్విచ్) ఆఫ్, క్యాబిన్ హీట్ మూత. సెస్నా 172 అయితే 100 నాట్ల వేగంతో గ్లైడ్ (ఇంజిన్ లేకుండా కిందికి జారడం); మంట ఆరకపోతే ఇంకా వేగం పెంచాలి. ఆరాక ఇంజిన్‌ని మళ్లీ స్టార్ట్ చేయొద్దు.

సిలిండర్ అవసరం పడేది క్యాబిన్ మంటలకీ, నేల మీద స్టార్టింగ్ మంటలకీ. ప్రైమర్ (స్టార్టింగ్‌కి ముందు పెట్రోలు అందించే చేతి పంపు) ఎక్కువ కొట్టినా, థ్రాటిల్ పదేపదే తోసినా కార్బొరేటర్ నుంచి పెట్రోలు కిందికి కారి ఎయిర్‌బాక్స్‌లో, అంటే ఇంజిన్‌కి గాలి వెళ్లే పెట్టెలో నిలుస్తుంది. ఒక్క బ్యాక్‌ఫైర్ చాలు, అంటుకుంటుంది. అప్పుడు కూడా ముందు స్టార్టర్ వదలకండి, ఇంజిన్ మంటను లోపలికి లాగేసుకుంటుంది. స్టార్ట్ అయితే 1700 ఆర్‌పీఎం దగ్గర కొద్ది నిమిషాలు నడిపి, ఆపి, తనిఖీ చేయించాలి. స్టార్ట్ కాకపోతే థ్రాటిల్ ఫుల్, మిక్స్చర్ కట్, ఇంకాసేపు స్టార్టర్‌తో తిప్పడం (క్రాంకింగ్). అప్పటికీ ఆరకుంటే ఫ్యూయల్, మాగ్నెటోలు (ఇంజిన్‌కి స్పార్క్ ఇచ్చేవి), మాస్టర్ ఆపి సిలిండర్‌తో దిగాలి. ఇంజిన్ మీది మూత (కౌలింగ్) తెరవొద్దు, గాలి తగిలి మంట ఎగుస్తుంది. గాలి మీ వీపుకి తగిలేలా నిలబడి, ముందున్న గాలి రంధ్రాల్లోంచి కొట్టాలి.

ఏబీసీ పౌడర్ చవక, ఏ ఫైర్ షాపులోనైనా దొరుకుతుంది, మంటనూ బాగా ఆర్పుతుంది. చిక్కంతా ఆరాకే. అందులోది మోనో అమోనియం ఫాస్ఫేట్. వేడి భాగాలపై కరిగి గాజుపెంకులా అతుక్కుంటుంది, తేమ తగిలితే ఆమ్లమై అల్యూమినియాన్ని తినేస్తుంది. రివెట్ల సందుల్లో, మాగ్నెటోలో, వైర్ల కనెక్టర్లలో దూరితే పూర్తిగా కడగడం ఎవరి తరమూ కాదు. బీచ్ రోడ్డులో బాల్కనీ గ్రిల్స్‌నే ఉప్పుగాలి బతకనివ్వదు, ఇక ఆ పౌడర్ పడ్డ రెక్క సంగతి చెప్పాలా? పైగా క్యాబిన్‌లో కొడితే ఆ దుమ్ములో మీటర్లు కూడా కనిపించవు.

హ్యాలాన్ 1211 మరక మిగల్చదు, చూపుకీ అడ్డురాదు. కొట్టాక క్యాబిన్‌కి గాలి ఆడనివ్వాలి, అంతే. ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం వల్ల దాని ఉత్పత్తి సంపన్న దేశాల్లో 1994లో, మిగతా చోట్ల 2010లో ఆగింది. ఇప్పుడున్నది పాత సరుకే కాబట్టి ఖరీదెక్కువ, రీఫిల్ కష్టం. అయినా విశాఖలో విమానం లోపలికి ఇదే నా మాట, లేదా హ్యాలోట్రాన్ లాంటి, మరక మిగల్చని క్లీన్ ఏజెంట్. పౌడర్‌ని హ్యాంగర్ గోడకి ఉంచండి. మనిషి ప్రాణం మీదికొస్తే ఏది చేతికందితే అదే.

సీఓటూ (కార్బన్ డయాక్సైడ్) సిలిండర్ బరువెక్కువ, ఆ గ్యాస్ ఆరుబయట గాలికి చెదిరిపోతుంది. నీళ్లు వద్దు, పెట్రోలు పైన తేలి మంట పాకుతుంది.

సిలిండర్ కూర్చున్నచోటి నుంచే చేతికందాలి. హ్యాలాన్‌దైతే గేజ్ ఒక్కటే నమ్మొద్దు, అది నైట్రోజన్ ఒత్తిడినే చూపొచ్చు. తూకం వేసి, సిలిండర్ మీద రాసిన బరువుతో సరిచూడండి.