ఆఫీసు ఫోన్‌లో యాప్‌లు: పేరుపెట్టి ఆపాలా, ఒప్పుకున్నవే ఉంచాలా?

టిక్‌టాక్‌ను ప్రభుత్వ ఫోన్లలోంచి తీసేయాలని అమెరికా 2022 డిసెంబరులో చట్టం చేసింది. 2023 ఫిబ్రవరిలో యూరోపియన్ కమిషన్, కెనడా, మార్చిలో బ్రిటన్ అదే బాట పట్టాయి. 2025 జనవరిలో మన ఆర్థిక శాఖ ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వాడొద్దంది. అన్నీ ఒక తీరే: పేరు చెప్పి ఆపడం.

చేయడానికి తేలికైన పద్ధతి ఇదే, కంతలు ఎక్కువున్నదీ ఇదే. ఆండ్రాయిడ్‌లో యాప్‌ను గుర్తించేది ప్యాకేజీ పేరుతో, అంటే తెర మీద కనిపించని లోపలి పేరుతో. టిక్‌టాక్‌కే ప్రాంతాన్ని బట్టి ఒకటికి మించి ప్యాకేజీ పేర్లున్నాయి. జాబితాలో ఒకటే రాస్తే మరొకటి దర్జాగా దిగుతుంది. యాప్ పోయినా బ్రౌజర్‌లో సైటు తెరుచుకుంటుంది కాబట్టి డీఎన్‌ఎస్ (సైటు పేరును దాని నెట్ చిరునామాగా మార్చే వ్యవస్థ) స్థాయిలోనూ ఆపాలి. ఐఫోన్ సూపర్‌వైజ్డ్ మోడ్‌లో (సంస్థకు పూర్తి అదుపు ఉండే అమరికలో) లేకపోతే యాప్‌ను ఆపే ఆదేశం పనే చేయదు.

రెండో దారి, ఒప్పుకున్న యాప్‌లే ఉంచడం. ఆండ్రాయిడ్ ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి, స్వాగతం తెర మీద ఒకేచోట ఆరుసార్లు తట్టి, ఎండీఎం (ఆఫీసు ఫోన్లను దూరం నుంచి అదుపు చేసే సాఫ్ట్‌వేర్) ఇచ్చిన క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. ఆ తర్వాత ప్లే స్టోర్‌లో అడ్మిన్ ఆమోదించినవే కనిపిస్తాయి. చిక్కు ఎక్కడంటే, గ్యాలరీ, కాలిక్యులేటర్ లాంటివి కూడా మాయమవుతాయి. వాటిని విడిగా ఎనేబుల్ చేయకపోతే మొదటి రోజే హెల్ప్‌డెస్క్‌కు ఫోన్లు మోగుతాయి. అంతకన్నా పెద్ద తప్పు, ఫైలు పంపే దారి చూపకుండా తాళం వేయడం. అప్పుడు తెర ఫొటో సొంత ఫోన్‌తో తీసి వాట్సాప్‌లో పెడతారు. ప్రభుత్వ ఆఫీసుల్లో కేంద్ర ప్రభుత్వ ఐటీ సంస్థ ఎన్‌ఐసీ వారి మెసేజింగ్ యాప్ సందేశ్ ముందు పెట్టి, ఆ తర్వాతే తాళం వేయాలి.

మూడోది వర్క్ ప్రొఫైల్: సొంత ఫోన్‌లోనే ఆఫీసు యాప్‌లకు వేరే గది. ఖర్చు తక్కువ. ప్రొఫైళ్ల మధ్య కాపీ-పేస్ట్ ఆపడం మరవద్దు. అయితే లొకేషన్, మైకు రెండు గదులకూ ఉమ్మడే. వ్యాయామ యాప్ స్ట్రావా వాడేవాళ్ల పరుగు దారులు చూపే హీట్‌మ్యాప్ 2018 జనవరిలో సైనిక స్థావరాల రూపురేఖల్ని బయటపెట్టింది పత్రాలు దొంగిలించి కాదు, సైనికులు పరుగెత్తిన జాడలతోనే. ఈ గోడ దాన్ని ఆపలేదు.

కాబట్టి రహస్య ఫైళ్లు చూసేవాళ్లకు రెండోది, క్యాలెండరు, మెయిలు చాలినవాళ్లకు మూడోది. పేర్ల జాబితా ఒంటరిగా ఎవరికీ చాలదు. ఏది ఎంచుకున్నా ముందు పది ఫోన్లలో రెండు వారాలు నడిపి చూడండి. ఆ పదిలో ఒకటి పై అధికారిది కావాలి, ఎందుకంటే మినహాయింపు మొదట అడిగేది ఆ అధికారే.