ఎస్‌క్యూలైట్ కొత్త వర్షన్‌కి మారాక మెమరీ ఎందుకు పెరిగిందో చివరికి దొరికింది

పదేళ్లకు పైగా ఎస్‌క్యూలైట్ (డేటా మొత్తాన్ని ఒకే ఫైల్‌లో దాచే చిన్న డేటాబేస్) 3.6 మీద నడిచిన మా ప్రోగ్రాంని ఈమధ్యే కొత్త వర్షన్‌కి మార్చా. పాత ఫైళ్లు ఒక్కటి కూడా కన్వర్ట్ చెయ్యక్కర్లేకపోయింది, 2004లో వచ్చిన 3.0 నాటి ఫైల్ అయినా అలాగే తెరుచుకుంటుంది, ఈ విషయంలో వీళ్లకి దండం పెట్టాలి.

మెమరీ దగ్గర మాత్రం రెండు రోజులు తల బద్దలుకొట్టుకున్నా. మా ప్రోగ్రాం నడిచే చిన్న బాక్సులో ర్యామే 128 ఎంబీ. పొద్దున స్టార్ట్ చేస్తే బానే ఉండేది, మధ్యాహ్నానికి మెల్లగా పెరిగీ పెరిగీ ప్రోగ్రాం చచ్చిపోయేది, మెమరీ లీకేమో (వాడేసిన మెమరీని వదలకపోవడం) అని వెతికా, లేదు. పోయిన నెల ఫైల్ తెరిస్తే ఏమీ అవట్లేదు, ఈ నెలకి కొత్తగా తయారైన ఫైల్ తెరిస్తేనే మింగేస్తోంది. ఎస్‌క్యూలైట్ ఫైల్‌ని పేజీలనే ముక్కలుగా దాస్తుంది, ఆ ముక్క సైజ్ చూపించే ప్రాగ్మా పేజ్ సైజ్ అనే కమాండ్ రెండింటి మీదా కొట్టి చూస్తే పాతదానికి 1024 బైట్లు, కొత్తదానికి 4096! 2016లో 3.12 నుంచి డీఫాల్ట్ మారింది. మా కోడ్‌లో ఎప్పుడో క్యాష్ సైజ్ (చదివిన పేజీల్ని మెమరీలో ఎంతవరకు ఉంచుకోవాలో చెప్పేది) 10000 అని రాసి ఉంది, అది పేజీల లెక్క, అంటే అప్పుడు 10 ఎంబీ దగ్గర ఆగేది ఇప్పుడు 40 దాకా పోతుంది, పైగా ఏ కనెక్షన్ క్యాష్ దానిదే, మావి మూడు కనెక్షన్లు. ఇంకేం మిగులుతుంది?

10000 తీసేసి మైనస్ 2000 పెట్టా. మైనస్ ఉంటే కిలోబైట్ల లెక్క, పేజీ ఎంతున్నా ఒక్కో క్యాష్ 2 ఎంబీ దగ్గర ఆగుతుంది. ఇప్పుడు డీఫాల్ట్ కూడా అదే, లైన్ మొత్తం లేపేసినా చాలు, కానీ తర్వాత చూసేవాళ్లకి కనపడాలి కదా అని ఉంచా. అప్పట్నుంచి ఒక్కసారి కూడా పడిపోలేదు.

ప్రోగ్రాం సైజ్ విషయానికొస్తే, కంపైలర్‌కి స్పీడ్ కోసం ఇచ్చే -O2 బదులు సైజ్ తగ్గించే -Os ఆప్షన్‌తో కంపైల్ చేసి, స్ట్రిప్ (అక్కర్లేని సింబల్స్ తీసేసే టూల్) కొడితే చాలావరకు తగ్గిపోయింది. మేం వాడని జేసన్ (JSON అనే డేటా ఫార్మాట్) ఫంక్షన్లు 3.38 నుంచి డీఫాల్ట్‌గా లోపలే వస్తున్నాయి, వాటిని ఒమిట్ ఆప్షన్‌తో (అక్కర్లేని భాగాల్ని కంపైల్ అప్పుడే వదిలేసేది) తీసేశా. ఒక స్టార్ తగ్గించింది ఈ ఒమిట్ల వల్లే: అందరూ దించుకునే సింగిల్ ఫైల్ సోర్స్‌తో చాలా ఒమిట్లు సరిగ్గా పనిచెయ్యవు, అసలు సోర్స్ తెచ్చుకుని దాన్నుంచి బిల్డ్ చెయ్యాలి, చిన్న మార్పుకి అంత తతంగం అక్కర్లేదనిపించింది. డాక్యుమెంటేషన్‌లో ఉంది కానీ ముందే చదవకపోతే సాయంత్రం పోతుంది.

5కి 4. పాత వర్షన్ నుంచి వచ్చేవాళ్లు మీ కోడ్‌లో క్యాష్ సైజ్ అని ముందు వెతకండి, మిగతావన్నీ తర్వాత.