వెలిగొండల అంచున బండ్లబాటలు: ఉదయగిరి, సీతారామపురం, భైరవకోన

నెల్లూరులో కొత్తగా థార్ గానీ జిమ్నీ గానీ కొన్నవాళ్లు ముందుగా బండి తిప్పేది మైపాడు బీచ్ వైపే. మా ఫోర్ బై ఫోర్ (నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండ్ల) క్లబ్బు అటు పోదు. జనవరి నుంచి మార్చి దాకా ఆ తీరానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. ఒక్కో గుంటలో సుమారు వంద గుడ్లుంటాయి. ఇసుక కింద ఉన్న గుంట డ్రైవర్ సీట్లోంచి ఎవరికీ కనబడదు. అందుకే మేం పడమటికి తిరుగుతాం. ఆత్మకూరు దాటి ముందుకు పోతే వెలిగొండలు మొదలవుతాయి. ఆ కొండల అడుగున ఉన్న డొంకలు, బండ్లబాటలు, వాగులు ఒక వారాంతంలో బండికీ మనిషికీ గట్టి పరీక్షే పెడతాయి. డిసెంబరు చివర్లో, ఈశాన్య రుతుపవనాల వానలు తగ్గి వాగుల్లో ఇంకా నీళ్లున్న సమయంలో వెళ్లొచ్చాం. ఏ బాట బాగుంది, ఎక్కడ పడుకోవచ్చు, ఎక్కడ తిండి దొరుకుతుంది అన్నది వెళ్లాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను.

ముందే ఒక సంగతి చెప్పాలి. వెలిగొండల మీది అడవి చాలావరకు రిజర్వు ఫారెస్టు. దక్షిణాన పెంచలకోన చుట్టూ ఉన్నది పెనుశిల నరసింహ అభయారణ్యం. అనుమతి లేకుండా అక్కడ బండి దింపితే కేసు పెడతారు. పైగా ఇది ఎర్రచందనం పెరిగే ప్రాంతం. చీకటి పడ్డాక బురద కొట్టుకుపోయిన జీపులు వరసగా కనిపిస్తే అటవీ సిబ్బంది ఆపి డిక్కీలు తెరిపిస్తారు, అది వాళ్ల బాధ్యత కూడా. కాబట్టి మా బాటలన్నీ ఊరికీ ఊరికీ మధ్య ఉన్నవే, పొద్దు గూకేలోపు ముగిసేవే. ప్రతి బాట మొదట్లో ఉన్న ఊళ్లో ఆగి, ఎవరి పొలాల పక్కగా పోతున్నామో వాళ్లకు చెప్పాకే ముందుకు కదులుతాం. పైరు మీదికి చక్రం ఎక్కించినవాళ్లను మళ్లీ పిలవం. ఈ విషయంలో మా క్లబ్బులో మొహమాటాల్లేవు.

శనివారం ఉదయానికి ఉదయగిరి చేరాం. కోట ఉన్న కొండ ఎత్తు 3,079 అడుగులు. గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో గెలుచుకున్నాడు. ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్నే హంపీకి తీసుకుపోయి కృష్ణాలయంలో ప్రతిష్ఠించాడు. కోటకు బండి పోదు, నడిచే ఎక్కాలి. ఒక రోజంతా దానికే కేటాయించుకుంటే తప్ప న్యాయం జరగదు, అందుకని ఈసారి కింద నుంచే చూసి ముందుకెళ్లాం. ఊళ్లో చెక్క స్పూన్లు చేసే వీధి మాత్రం వదల్లేదు. జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చిన పని ఇది. ఇంటి అరుగు మీద కూర్చున్న ఒకావిడ గరిటె కాడను కాలి వేళ్ల మధ్య బిగించి ఆకురాయితో రుద్దుతూ ఉంటే, మూడు నాలుగు రుద్దుళ్లకే చెక్క మీది గరుకు పోయి నునుపు తేలింది. "అక్కా, ఇంత సన్నగా చేస్తే విరగదా?" అని అడిగితే, నవ్వి, ఆ కాడను రెండు చేతులా వంచి చూపించింది. బేరం ఆడకుండా కొన్నాం.

తారు రోడ్డు వదిలే చోట అందరం ఆగి టైర్లలో గాలి తగ్గించాం. మామూలుగా 30 పైన ఉండే ప్రెషర్‌ను 22కు దించాం. గాలి తగ్గితే టైరు నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది, రాయి తగిలినప్పుడు రబ్బరు దాని ఆకారానికి సర్దుకుంటుంది. అయితే అప్పుడు టైరు పక్కలు బయటికి ఉబ్బుతాయి, ఈ ప్రాంతంలో దాంతోనే భయం. డొంకకు రెండు వైపులా చిల్లకంప. ముల్లు టైరు అడుగున దిగితే ప్లగ్గు వేసుకుని పోవచ్చు, పక్కన దిగితే టైరు మార్చడమే. మా బండ్లలో ఒకదానికి అదే జరిగింది. ఒక్క స్టెప్నీతో ఈ దారికి రావద్దు, ఇద్దరు ముగ్గురు కలిసైనా ఇంకో టైరు తెచ్చుకోండి.

సీతారామపురం వైపు పోయే ఆ రాళ్లబాట నాకు ఎంతో నచ్చింది. ఎర్రమట్టి, మధ్యమధ్యలో పలకల్లా లేచిన బండలు, వాన నీళ్లు కోసేసిన గండ్లు. మా గుంపులోని గూర్ఖా జీపు ముందూ వెనకా డిఫరెన్షియల్ లాకులతో (రెండు పక్కల చక్రాలూ కలిసే తిరిగేలా బిగించేవి), 233 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్‌తో, అంటే నేలకూ బండి అడుగుకూ మధ్య ఎడంతో, ఏ కష్టం లేకుండా ఎక్కేసింది. థార్‌కు 226, పెద్దగా తేడా తెలియలేదు. అందరి కళ్లూ 210 మాత్రమే ఉన్న జిమ్నీ మీదే. ఒక గండి దగ్గర దాని ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం రెండూ గాల్లోకి లేచి ఊరికే తిరగడం మొదలుపెట్టాయి. అలా తిరిగే చక్రానికి దానంతటదే బ్రేకు పడి, ఇంజిన్ బలం నేల మీదున్న చక్రానికి వెళ్లే ఏర్పాటు ఈ బండిలో ఉంది. కానీ అది పనిచేయాలంటే కంగారుపడి కాలు తీసేయకుండా యాక్సిలరేటర్‌ను నిలకడగా నొక్కి ఉంచాలి. నడుపుతున్న అమ్మాయి సరిగ్గా అదే చేసింది. ఒకటి రెండు క్షణాలు బండి కొట్టుకుంది, తర్వాత మెల్లగా గండి దాటి పైకొచ్చేసింది. చూస్తున్నవాళ్లమంతా ఈలలు వేశాం.

వాగు దగ్గర ఆట మారింది. నీళ్లు మోకాలి లోతే, అడుగున ఇసుక. గొర్రెలు కాస్తున్న పెద్దాయన్ని అడిగితే, "నాయనా, ఎడం పక్క ఊబి ఉండాది. కుడి గట్టు పట్టుకోని పోండి, నడిమధ్యన మాత్రం ఆపబాకండి" అన్నాడు. మావాళ్లిద్దరు కర్ర పట్టుకుని ముందు నడిచి చూశారు, ఆయన చెప్పింది అక్షరాలా నిజం. అయినా ఒక థార్ వాగు మధ్యలో ఆగింది, ఆగిన చోటే దిగబడింది. సాగే తాడు వేసి గూర్ఖాతో లాగించాం. దిగబడ్డ బండి మీది ఒత్తిడికి తాడు గానీ కొక్కెం గానీ తెగితే మనిషి ప్రాణం పోతుంది, అందుకే తాడు మీద బరువైన దుప్పటి కప్పి, తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో అందరినీ నిలబెట్టాం. ఎంత లాగినా రాలేదు. చివరికి పక్క పొలంలోంచి ట్రాక్టరు వచ్చి ఒడ్డున పడేసింది. ఆ రైతు డబ్బులు ముట్టుకోలేదు, బతిమాలితే డీజిల్ మాత్రం పోయించుకున్నాడు. ఒక విషయం గుర్తుంచుకోవాలి. వాగులో ఇంజిన్‌లోకి నీళ్లు పోతే మామూలు ఇన్సూరెన్స్ ఆ ఖర్చు ఇవ్వదు, ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలి. అద్దె బండ్లతో వచ్చేవాళ్లయితే ఒప్పందం కాగితం చదువుకోండి. చాలావాటిలో ఇలాంటి దారులకు తీసుకెళ్లకూడదని స్పష్టంగా రాసి ఉంటుంది.

రాత్రి బస విషయంలో ఈసారి గట్టి తేడా చూశాం. దారిలో ఒక ఊళ్లో లాడ్జి గదులు వారం ముందే ఫోన్లో చెప్పి, అడ్వాన్సు కూడా పంపాం. తీరా వెళ్తే సగం గదులు పెళ్లివాళ్లకు ఇచ్చేశారు. మిగిలినవాటిలో బకెట్టు నిండా నీళ్లు రావడానికి అరగంట పట్టింది. ఆడవాళ్లూ పిల్లలూ ఉన్న గుంపును అలా నిలబెట్టడం చాలా తప్పు. కుటుంబాలు ఆ గదుల్లో సర్దుకున్నాయి, మిగతావాళ్లం ఊరవతల ఒక బత్తాయి తోటలో, రైతు అనుమతితో టెంట్లు వేసుకున్నాం. బోరు నీళ్లు, మోటారు షెడ్డు దగ్గర లైటు, చల్లటి గాలి. వాళ్లింట్లోనే రాగిసంకటి, నాటుకోడి పులుసు, గోంగూర పచ్చడి చేసి పెట్టారు. మనిషికింత అని ముందే మాట్లాడుకున్నాం, ఆ డబ్బుకు నెల్లూరు హోటళ్లలో అంత రుచి దొరకదు. చెట్ల కింద నిప్పు రాజేయకూడదన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క షరతు, పాటించాం. తోటలో మరుగుదొడ్డి లేదు. ఆడవాళ్లను తీసుకెళ్తే బాత్రూం టెంటు తప్పనిసరిగా పెట్టుకోండి.

ఆదివారం భైరవకోన. కొండరాతిని తొలిచి చేసిన ఎనిమిది శివాలయాలు ఇక్కడ ఒకే చోట ఉన్నాయి. ఏడు తూర్పుకు, ఒకటి ఉత్తరానికి తిరిగి ఉంటాయి. పక్కనే జలపాతం, వానల తర్వాత కాబట్టి బాగా దూకుతోంది. గుహల ద్వారపాలకుల ముఖాలు అరిగిపోయినా నిలబడ్డ తీరులో ఠీవి పోలేదు. ఇక్కడిదాకా మామూలు కారు కూడా వస్తుంది కాబట్టి పెద్దవాళ్లను నేరుగా ఇక్కడికే రప్పించి, మనం బాటల్లో తిరిగి కలుసుకోవచ్చు. సత్రం గదులు సాదాగా, శుభ్రంగా ఉన్నాయి. కుటుంబాలతో వచ్చేవాళ్లకు లాడ్జి కంటే ఇదే నయమని నా అభిప్రాయం. కార్తీక పౌర్ణమికి మాత్రం జనం విరగబడతారు, బండి పెట్టే చోటు కూడా ఉండదు. కోన లోపల ఫోన్ సిగ్నల్ అందలేదు. పెట్రోలు, డీజిల్ ఉదయగిరిలోనే నింపుకుని రావాలి.

కోన నుంచి సి.ఎస్.పురం వైపు వచ్చే బండ్లబాట గురించి చాలా విన్నాను గానీ, నల్లరేగడి చెక్కలు తగిలేసరికి నిరాశే మిగిలింది. టైర్ల గాళ్లన్నీ బంకమట్టితో నిండిపోయి, ఏ బండికీ పట్టు దొరకలేదు. అంతకంటే ముఖ్యంగా, తడి బాటలో మనం చేసిన గాళ్లు ఎండాక గట్టిపడి రైతుల ఎడ్లబండ్లకు అడ్డమవుతాయి. కొంత దూరం పోయి వెనక్కి తిరిగాం. ఆ బాటకు ఫిబ్రవరిలో, నేల ఆరాక వెళ్లడం మంచిది. సీతారామపురం రాళ్లబాటకు మాత్రం డిసెంబరు, జనవరి నెలలే సరైనవి.

పామూరులో పంక్చర్ షాపు కుర్రాడు అన్ని బండ్లకూ గాలి పట్టి, టైర్లలో విరిగి మిగిలిన ముళ్లన్నీ పట్టకారుతో ఒక్కొక్కటే పీకి, ప్లగ్గులు సరిచూసి, ఉన్న రేటు మాత్రమే తీసుకున్నాడు. అక్కడ టూ వీల్ డ్రైవ్‌లోకి మార్చుకున్నాం. పొడి తారు మీద ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలకూ బలం వెళ్లేలా పెట్టి, నడిపితే గేర్లూ షాఫ్టులూ బిగుసుకుని పాడవుతాయి. అక్కణ్ణుంచి 565వ జాతీయ రహదారి ఎక్కితే ఇక హాయిగా సాగిపోయే ప్రయాణమే.