పీటర్స్‌బర్గ్ రాజకీయ చరిత్ర మ్యూజియం: బాల్కనీ చూసి వెనక్కి వచ్చేయకండి

రష్యాలో కమ్యూనిస్టులు అధికారంలోకి ఎలా వచ్చారు, డెబ్బై ఏళ్లకు పైగా దాన్ని ఎలా పట్టుకున్నారు, చివరికి ఎలా పోగొట్టుకున్నారు అన్నదంతా ఒక్కచోట చూడాలంటే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని రష్యా ప్రభుత్వ రాజకీయ చరిత్ర మ్యూజియానికి వెళ్లాలి. మాస్కోలో లెనిన్ సమాధి దగ్గర జనం బారులు తీరతారు గానీ అక్కడ చూసేదే తప్ప తెలుసుకునేది ఏమీ లేదు. నిలబడనివ్వరు, ఫొటో తీయనివ్వరు, నాలుగడుగులు వేసేసరికి బయట ఉంటాం. చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకు ఈ మ్యూజియమే మేలు.

మెట్రోలో గోర్కోవ్‌స్కయా స్టేషన్‌లో దిగాలి. నీలం గుమ్మటం ఉన్న పెద్ద మసీదు గుర్తు పెట్టుకోండి, మ్యూజియం దాని పక్కనే. చిరునామా కుయ్‌బిషేవ్ వీధి, 2–4. గురువారం సెలవు. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు, ఎందుకంటే ఊళ్లో పెద్ద కళా మ్యూజియం హెర్మిటేజ్‌కు సెలవు సోమవారం. వేళలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు మ్యూజియం సైటు చూసుకోవడం మంచిది. రష్యా బయటి బ్యాంకులిచ్చిన వీసా, మాస్టర్‌కార్డు చెల్లింపు కార్డులు 2022 మార్చి నుంచి ఆ దేశంలో పనిచేయవు. రూబుళ్లు చేతిలో ఉండాల్సిందే. చలికోటు, బ్యాగు కింద అప్పగించి లోపలికి వెళ్లాలి. ఇంకోటి, మనం గ్రౌండ్ ఫ్లోర్ అనేదే రష్యన్లకు మొదటి అంతస్తు. బోర్డు మీద రెండో అంతస్తు అని ఉంటే ఒక్క మెట్ల వరుస ఎక్కితే చాలు.

అసలు ఇల్లే ఒక ప్రదర్శన వస్తువు. రాజ నాటకశాలల్లో అగ్ర నర్తకి, చివరి జారు చక్రవర్తి నికొలాయ్ 2 యువరాజుగా ఉన్నప్పటి ప్రేయసి మతీల్ద క్షెసీన్‌స్కయా కట్టించుకున్న భవనం ఇది. 1904లో మొదలుపెట్టి 1906కు పూర్తి చేశారు. జారును దించేసిన 1917 ఫిబ్రవరి విప్లవంలో ఆమె ఇల్లు వదిలి వెళ్లగానే సాయుధ కార్ల దళం సైనికులు అందులో దిగారు, మార్చిలో లెనిన్ పార్టీ అయిన బోల్షివిక్కుల కేంద్ర కమిటీ, పెత్రోగ్రాద్ (అప్పట్లో ఈ ఊరి పేరు) కమిటీ కూడా అక్కడికే చేరాయి. ఆమె ఊరుకోలేదు, కోర్టుకెక్కి గెలిచింది. తీర్పు వచ్చినా పార్టీ కదల్లేదు. జులై అల్లర్ల తర్వాత, జారు స్థానంలో వచ్చిన తాత్కాలిక ప్రభుత్వం సైన్యాన్ని పంపితే తప్ప ఇల్లు ఖాళీ కాలేదు. అంటే బోల్షివిక్కులు ఇక్కడున్నది నాలుగు నెలలే. బోల్షివిక్కులు అధికారం చేజిక్కించుకున్న అక్టోబరు తిరుగుబాటు ఈ భవనం నుంచి నడిచిందనుకుని వచ్చేవాళ్లు ఎందరో. అది నడిచింది ఇదే ఊళ్లోని స్మోల్నీ భవనం నుంచి.

పాత క్యాలెండరు ప్రకారం 1917 ఏప్రిల్ 3 రాత్రి ఫిన్లాండ్ స్టేషన్‌లో దిగిన లెనిన్ సాయుధ కారు మీద నేరుగా ఇక్కడికే వచ్చి బాల్కనీ నుంచి మాట్లాడాడు. బాల్కనీ వీధిలోంచే కనిపిస్తుంది, దానికోసం టికెట్ అక్కర్లేదు. ఫొటో దిగి వెనక్కి వెళ్లిపోయేవాళ్లు అసలు సరుకు వదిలేసుకుంటున్నారు.

తేదీల దగ్గర ఒక జాగ్రత్త. 1918 ఫిబ్రవరికి ముందు రష్యా క్యాలెండరు మనకంటే 13 రోజులు వెనక నడిచేది. ఏప్రిల్ 3 అంటే మన 16, అక్టోబరు 25 అంటే నవంబరు 7. వివరణ పలకల మీద ఏది వాడారో చూసుకోకపోతే సంఘటనల వరుస తారుమారవుతుంది.

లోపల ముందు లెనిన్ గదికి వెళ్లండి. సోవియట్ కాలంలో అమర్చిన తీరునే ఉంచేశారు, దాదాపు గుడిలో గర్భాలయంలా ఉంటుంది. కూల్చేయకుండా, మార్చకుండా అలాగే వదిలేయడం మ్యూజియం చేసిన తెలివైన పని, ఎందుకంటే 1917 కంటే ఎక్కువగా, దాన్ని తర్వాతి తరాలకు ఎలా చూపించారో ఈ గది చెబుతుంది. అది చూసిన కళ్లతోనే 1917 నాటి పత్రికల్లో లెనిన్ మీద వేసిన వ్యంగ్య చిత్రాల దగ్గరికి వెళ్లాలి. ఆ కొన్ని నెలలు రష్యాలో ఎవరు ఎవరినైనా వెక్కిరించగలిగారు. అధికారం చేజిక్కిన రెండోరోజే, పాత లెక్కలో అక్టోబరు 27న, పత్రికల మీద డిక్రీ వచ్చింది. వ్యతిరేక పత్రికలు మూతపడటం మొదలైంది. ఇదంతా తాత్కాలికమేనని డిక్రీలోనే రాశారు. నా మటుకు, మ్యూజియం మొత్తంలో ఈ రెండు చోట్లే టికెట్ డబ్బు రాబడతాయి.

సంస్థ పేరు మారిన తీరు కూడా గమనించండి. 1919లో వింటర్ ప్యాలెస్‌లో విప్లవ మ్యూజియంగా పుట్టింది. 1957లో ఈ భవనంలో తెరిచినప్పుడు మహత్తర అక్టోబరు సోషలిస్టు విప్లవ మ్యూజియం. 1991లో రాజకీయ చరిత్ర మ్యూజియం. పొగడటానికి పోగుచేసిన కాగితాలనే తర్వాత ప్రశ్నించడానికి పరిచారు.

సోవియట్ భాగంలో సందర్శకులు నేరుగా స్టాలిన్ కాలపు అరెస్టుల దగ్గరికి పోతారు. తొందరపడకండి. 1921 మార్చి దగ్గర ఆగండి. ఈ ఊరికి ఎదురుగా సముద్రంలో ఉన్న క్రోన్‌స్టాట్‌లో నావికులు తిరగబడ్డ రోజుల్లోనే పదో పార్టీ మహాసభ జరిగింది. అదే సభ రైతుల దగ్గర ధాన్యం గుంజుకోవడం ఆపి పన్నుకు మారింది, అంటే నూతన ఆర్థిక విధానానికి తలుపు తీసింది. అదే సభ పార్టీలో ముఠాలను నిషేధించింది. బజారుకు సడలింపు, పార్టీకి బిగింపు. ఏడాది తిరిగి 1922 ఏప్రిల్‌లో స్టాలిన్ పార్టీ ప్రధాన కార్యదర్శి అయ్యాడు. నియామకాలు అతని చేతిలో, ప్రత్యర్థులు కూడగట్టుకుంటే ముఠా కట్టారన్న నేరం. మూకుమ్మడి అరెస్టుల, మరణశిక్షల 1937 వచ్చిన దారి ఇక్కడ మొదలైంది. ఈ ముడి తెలియకుండా తర్వాతివి చూస్తే అంతా ఒక్క మనిషి క్రూరత్వంగానే కనిపిస్తుంది.

చివరి ఘట్టానికీ ఇలాంటి తాళంచెవి ఒకటుంది. 1977 రాజ్యాంగంలో ఆరో అధికరణం, సమాజానికి నాయకత్వం వహించే శక్తి కమ్యూనిస్టు పార్టీయే అని రాసుకున్నది. 1990 మార్చిలో దాన్ని మార్చి ఆ గుత్తాధిపత్యాన్ని తీసేశారు. సోవియట్ అధ్యక్షుడు గోర్బచోవ్ మీద 1991 ఆగస్టులో జరిగిన కుట్ర విఫలమయ్యాక నవంబరు 6న రష్యా అధ్యక్షుడు యెల్త్‌సిన్ పార్టీని రద్దు చేశాడు. అంతటితో కథ ముగిసిందనుకుంటే పొరపాటు: 1993లో పార్టీ మళ్లీ నిలదొక్కుకుంది, 1996 అధ్యక్ష ఎన్నిక రెండో విడతలో దాని నాయకుడు జ్యుగానొవ్ 40 శాతం ఓట్లు తెచ్చుకున్నాడు.

లోపాలు. ముఖ్యమైన శీర్షికలకు ఇంగ్లీషు ఉంది గానీ ఉత్తరాలు, తీర్మానాల అసలు ప్రతులు రష్యన్‌లోనే. ఫోన్‌లో కెమెరా అనువాదం ముందే దింపుకోండి. వస్తువులు చిన్నవి, కాగితాలు ఎక్కువ. రెండు గంటలకు పిల్లలు విసిగిపోతారు, పెద్దలకు మూడు గంటలు కావాలి. ఇది ప్రభుత్వ సంస్థ, ఇవాళ్టికి దగ్గరయ్యేకొద్దీ మాట పల్చబడటం తెలుస్తూనే ఉంటుంది. సోవియట్ అణచివేత చరిత్రను వెలికితీసిన మెమోరియల్ సంస్థను 2021 డిసెంబరులో రష్యా సుప్రీంకోర్టు మూసేయించిన సంగతి గుర్తుంచుకుని చూడాలి. మన తెలంగాణ పోరాటం విషయమై 1951లో చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య తదితరులు రహస్యంగా మాస్కో వెళ్లి స్టాలిన్‌ను కలిసిన కథలాంటివి ఇక్కడ ఆశించొద్దు. ఈ మ్యూజియం చూపు రష్యా లోపలి రాజకీయాల మీదే.

ఒకరోజు పూర్తిగా పెట్టగలిగితే ఉదయం ఫిన్లాండ్ స్టేషన్‌లో మొదలుపెట్టండి. 1917లో లెనిన్ ఫిన్లాండ్‌కు తప్పించుకోవడానికి వాడిన 293వ నంబరు రైలింజను అక్కడ గాజు గదిలో ఉంది. తర్వాత మ్యూజియం. అక్కడినుంచి నడిచివెళ్లేంత దూరంలో ఫిరంగుల మ్యూజియం ఉంది. ‘పెట్టుబడికి శత్రువు’ అని పేరు రాసిన సాయుధ కారు చూపించి, లెనిన్ ఎక్కింది ఇదేనంటారు. నిజంగా అదేనా అన్నదాని మీద చరిత్రకారుల్లో వాదన ఉంది. రహస్య పోలీసుల చరిత్ర కోసం గొరోఖొవయా వీధి 2లో ఇదే మ్యూజియం శాఖ ఉంది. జారు పోలీసు కార్యాలయం ఉన్న ఆ భవనంలోనే 1917 డిసెంబరులో జెర్జిన్‌స్కీ బోల్షివిక్కుల రహస్య పోలీసు సంస్థ చేకాను నెలకొల్పాడు. అది తెరిచి ఉందో లేదో మాత్రం టికెట్ తీసుకునేటప్పుడు ఇక్కడి కౌంటర్‌లోనే అడిగి వెళ్లండి.